చాద్ వీసాలు ఆపిన మాట నిజమే, అమెరికా దిగివచ్చిన మాట నిజం కాదు

అమెరికా ప్రయాణ నిషేధం ప్రకటించిన మర్నాడే ఆఫ్రికాలోని చాద్ అనే బుల్లి దేశం అమెరికన్లకు వీసాలు ఆపేసిందనీ, ప్రపంచంలో మరెవరూ చూపని ఆ తెగువకు అగ్రరాజ్యం దిగిరాక తప్పలేదనీ, అంత చిన్న దేశం చేయగలిగిన పని మన ప్రభుత్వం ఎందుకు చేయలేకపోతోందనీ నిలదీసే సందేశం ఒకటి ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. వీసా తంటాలు ఇంటింటి కథ అయిపోయిన తెలుగు కుటుంబాల్లో దానికి చెవి ఒగ్గేవారు ఉండటంలో వింత లేదు. అయితే అందులో పూర్తిగా నిలబడేది ఒక్క మాటే కాబట్టి, దానితోనే మొదలుపెడతాను.

2025 జూన్ 4న ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు 12 దేశాల పౌరుల రాకను దాదాపు పూర్తిగా, మరో 7 దేశాల పౌరుల రాకను పాక్షికంగా నిలిపివేసింది. మొదటి జాబితాలో చాద్ ఉంది. ఉత్తర్వు జూన్ 9న అమలులోకి రావలసి ఉండగా, జూన్ 5నే చాద్ అధ్యక్షుడు మహమత్ ఇద్రిస్ దెబి ఫేస్‌బుక్‌లో, పరస్పర సూత్రం ప్రకారం అమెరికా పౌరులకు వీసాల జారీ నిలిపివేయాలని తన ప్రభుత్వాన్ని ఆదేశించినట్టు రాశారు. ఇవ్వడానికి తమ దగ్గర విమానాలూ లేవు, వందల కోట్ల డాలర్లూ లేవు, ఉన్నవల్లా గౌరవమూ ఆత్మాభిమానమూ అని ఆయన అన్న మాట కూడా కల్పితం కాదు. దానికి కొద్ది వారాల ముందే ఖతార్ ఇచ్చిన బోయింగ్ 747ను ట్రంప్ ప్రభుత్వం స్వీకరించింది గనుక, ఆ ఎత్తిపొడుపు ఎవరిని ఉద్దేశించిందో వేరే చెప్పనక్కరలేదు. మాటగా చూస్తే అది గట్టి మాటే, నేనూ మెచ్చుకున్నాను. మాట బాగుందని ఫలితం కూడా వచ్చిందనుకోవడం దగ్గరే చిక్కు.

ఇక ఆ “బుల్లి దేశం” సంగతి. చాద్ విస్తీర్ణం 12.84 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికి నాలుగో వంతు కూడా కావు. జనాభా సుమారు రెండు కోట్లు. సముద్ర తీరం లేదు, చమురు అమ్ముకోవాలంటే కామెరూన్ మీదుగా వేసిన గొట్టపు మార్గమే దిక్కు. చిన్నది కాదు, పేదది అనాలి. ఈ తేడా అక్షరాల తేడా కాదని ముందు ముందు తెలుస్తుంది.

మరెవరూ ఆ పని చేయలేదన్నది కూడా నిలవదు. ట్రంప్ తొలి నిషేధం పెట్టిన 2017 జనవరిలోనే ఇరాన్ ప్రతిచర్య ప్రకటించింది. 2025 డిసెంబరు 16న నిషేధం జాబితా పెరిగినప్పుడు అందులో చేరిన నైజర్, మాలి, బుర్కినా ఫాసో ఆ నెల ముగిసేలోగానే అమెరికన్ల మీద అవే నిబంధనలు పెట్టాయి. అన్ని దేశాలూ ఆ దారి పట్టలేదన్నదీ నిజమే. కాంగో రిపబ్లిక్ ప్రతినిధి ఇదంతా ఏదో అపార్థం వల్ల జరిగిందన్నారు. అమెరికా అధికారులతో కలిసి పనిచేస్తామని సియెర్రా లియోన్ సమాచార మంత్రి చెప్పారు. సంప్రదింపులతో తేల్చుకోవాలని ఆఫ్రికా యూనియన్ కోరింది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు “దిగివచ్చింది” అన్న ముక్కలో ఉంది. చాద్ వీసాలు ఆపిన ఆరు నెలలకు, డిసెంబరులో వెలువడిన కొత్త ఉత్తర్వులో చాద్ పూర్తి నిషేధం కిందే కొనసాగింది, అంగుళం కూడా అటూ ఇటూ కదలలేదు. అలాగని మెత్తగా మాట్లాడినవాళ్లకు మేలు జరిగిందని ఎవరైనా వాదిస్తే అదీ పొరపాటే అవుతుంది, ఎందుకంటే సహకరిస్తామన్న సియెర్రా లియోన్‌ను అదే ఉత్తర్వు పాక్షిక నిషేధం నుంచి పూర్తి నిషేధంలోకి నెట్టింది. కాస్త ఊరట దక్కినది తుర్క్‌మెనిస్తాన్ ఒక్కదానికే. పెద్దగా చప్పుడు చేయకుండా అమెరికా అధికారులతో పని చక్కబెట్టుకున్న ఆ దేశస్థులకు పర్యాటక, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక వీసాల మీద నిషేధం తొలగింది, శాశ్వత వలస వీసాల మీద మాత్రం ఉండిపోయింది.

దెబ్బకు దెబ్బ పనిచేసిన ఉదాహరణ ఒక్కటీ లేదా అంటే ఉంది, సందేశం రాసినవారికి అది తట్టలేదంతే. 2025 అక్టోబరులో మాలి పౌరులు వీసా కోసం 10 వేల డాలర్ల దాకా పూచీకత్తు కట్టాలని అమెరికా నిబంధన పెట్టగా, మాలి అదే నిబంధనను అమెరికన్లకూ పెట్టింది, రెండు వారాలు తిరగకముందే అమెరికా మాలిని ఆ పూచీకత్తు జాబితా నుంచి తీసేసింది. గెలుపే అది. కానీ రెండు నెలలైనా గడవకుండానే, డిసెంబరు ఉత్తర్వు మాలిని పూర్తి నిషేధంలో పడేసింది.

అసలు చాద్‌ను జాబితాలోకి ఎందుకు ఎక్కించారో సందేశం చెప్పదు. ఉత్తర్వు చెప్పిన కారణం, గడువు తీరినా తిరిగి వెళ్లకుండా ఉండిపోయేవారి శాతం. వ్యాపార, పర్యాటక వీసాలపై వెళ్లిన చాద్ పౌరుల్లో అది 2023 ఆర్థిక సంవత్సరానికి 49.54 శాతం. వినగానే సగం దేశం అక్కడే ఉండిపోయిందా అనిపిస్తుంది గానీ, ఆ శాతం వెనక ఉన్నది 761 మందిలో 377 మంది. ఒక పెద్ద విమానం నిండా పట్టేంత జనం. అంత తక్కువమందిని బట్టి రెండు కోట్ల మందికి తలుపు మూయడం న్యాయమా అని అడగవచ్చు, అడగాలి కూడా. చాద్ చేతిలో ఉన్న అసలు వాదన అదేనని నా అభిప్రాయం. ఫేస్‌బుక్ పోస్టు మాత్రం ఆ అంకెల జోలికి పోకుండా గౌరవం గురించి మాట్లాడింది. అది దేశంలోని జనానికి నచ్చే మాట, వాషింగ్టన్‌లో దస్త్రం చూసే అధికారికి జవాబు కాదు.

దస్త్రానికి దస్త్రంతోనే జవాబు చెప్పిన అనుభవం అదే దేశానికి ఉంది. 2017 సెప్టెంబరు 24న ట్రంప్ మూడో నిషేధంలో చాద్ పేరు చేరింది. అప్పటి అధ్యక్షుడు ఇద్రిస్ దెబి, ఇప్పటి అధ్యక్షుడికి తండ్రి. ఆ పేరు చేరడానికి దారితీసిన కారణాల్లో ఒకటి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కొత్తగా జారీ చేస్తున్న పాస్‌పోర్టు నమూనా ఒకటి పంపమని అమెరికా అడిగితే, పాస్‌పోర్టులు అచ్చువేసే ప్రత్యేక కాగితం నిండుకోవడంతో చాద్ పంపలేకపోయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఉగ్రవాదంపై పోరులో ముఖ్య భాగస్వామి అని పొగుడుతూనే, సమాచారం సరిగా పంచుకోవడం లేదని ఆ ఉత్తర్వు నిషేధం వేసింది. తండ్రి దెబి ప్రభుత్వం విస్మయం వ్యక్తం చేసింది గానీ అమెరికన్ల వీసాలు ఆపలేదు. కొద్ది రోజులకే బోకో హరామ్ అనే ఉగ్రవాద సంస్థపై పోరాడుతున్న తన సైనికులను వందల సంఖ్యలో నైజర్ నుంచి వెనక్కి పిలిపించింది. అప్పుడు కారణం చెప్పలేదు. ఎవరికి ఏమి అర్థం కావాలో అది అర్థమై ఉంటుందని నేననుకుంటాను. మరోవైపు పాస్‌పోర్టుల భద్రత, పోయిన పాస్‌పోర్టుల సమాచారం వంటి లోపాలను అధికారులు సరిదిద్దుతూ పోయారు. 2018 మార్చిలో అమెరికా విదేశాంగ మంత్రి టిల్లర్సన్ స్వయంగా చాద్ రాజధాని ఎన్‌జమేనా వెళ్లారు, ఏప్రిల్ 10న చాద్ పేరు జాబితా నుంచి తొలగిపోయింది.

అంటే ఆరు నెలల చిల్లరలో పని జరిగింది. దాని వెనక కాగితాల పని ఉంది, అమెరికాకు అవసరమైన సైన్యమూ ఉంది. కొడుకు దెబి నాటికి ఆ రెండోది పలచబడింది. ఫ్రాన్స్‌తో రక్షణ ఒప్పందాన్ని చాద్ 2024 నవంబరులో రద్దు చేసుకుంది, 2025 జనవరి ఆఖరుకల్లా ఫ్రెంచి సైనికులు వెళ్లిపోయారు, పాశ్చాత్య దేశాల సైనిక లెక్కల్లో ఎన్‌జమేనాకు ఒకనాటి బరువు లేదు. చేతిలో ముక్కలు తగ్గినప్పుడు గొంతు పెరగడం పేకాటలోనే కాదు, దౌత్యంలోనూ ఉన్నదే.

చాద్ వీసాలు ఆపితే ఆగేది ఎవరన్నదీ చూడాలి. అమెరికన్లు విహారానికి ఎగబడే చోటు కాదది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధం మొదలయ్యాక ఆ దేశపు పశ్చిమ ప్రాంతమైన దార్ఫుర్ నుంచి అద్రె సరిహద్దు దాటి వచ్చినవారిని, అంతకు ముందే వచ్చి ఉన్నవారిని కలిపితే, చాద్‌లో తలదాచుకుంటున్న సూడానీయులు 10 లక్షలు దాటారు. అక్కడికి వెళ్లే అమెరికన్లలో ఆ శిబిరాల కోసం పనిచేసే వైద్యులు, సహాయ సంస్థల వారు ఉంటారు. శిక్ష తగిలితే వారి ద్వారా శిబిరాల్లోని తల్లులకూ పిల్లలకూ తగులుతుంది.

చివరికి మన ప్రభుత్వం ఎందుకు చేయదన్న ప్రశ్న. భారతీయుల మీద అమెరికా ప్రయాణ నిషేధం లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులపై పెట్టిన లక్ష డాలర్ల రుసుము మనవాళ్లకు పెద్ద దెబ్బేగానీ, అది వేరే సంగతి, దానికి సరిసమానమైన రుసుము మనం పెట్టినా ఇక్కడికి ఉద్యోగానికి వచ్చే అమెరికన్లు ఎందరని? పోనీ, చాద్ లాగా అమెరికా పాస్‌పోర్టులకు వీసాలే ఆపేద్దామంటే, అది మొదట తగిలేది ఆ పాస్‌పోర్టు ఉండి ఇంకా ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులు వీసా లేకుండా వచ్చిపోవడానికి ఇచ్చేది) తీసుకోని మన పిల్లలకే. 2020 మార్చిలో కరోనా కారణంగా కేంద్రం విదేశీయుల వీసాలతో పాటు ఓసీఐ కార్డుల వెసులుబాటునూ నిలిపివేసింది. మే నెలలో, విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు, భారత పాస్‌పోర్టున్న అమ్మానాన్నలను ఎక్కించుకుంటామన్నారు గానీ, అమెరికాలో పుట్టిన వారి చంటిబిడ్డను మాత్రం కుదరదన్నారు. పనిపోయి, వీసా గడువు ముంచుకొస్తున్న జంటలు బిడ్డను వదిలి రాలేక విమానాలు వదులుకున్నాయి. ఆ నెల 22న కేంద్రం సడలింపు ఇచ్చేదాకా వాళ్లకు దారి దొరకలేదు.