హునిబాల్డ్ పుస్తకాన్ని చూసిందెవరు?

ఫ్రాన్స్‌కు పేరిచ్చిన ఫ్రాంకుల తొలి రాజు ఎవరు? 6వ శతాబ్దంలో తూర్ బిషప్ గ్రెగరీ ఈ ప్రశ్న వేసుకుని, తేల్చలేకపోయానని ఒప్పుకున్నాడు. వెతక్క కాదు. తనకంటే ముందటి చరిత్రకారులు సల్పీసియస్ అలెగ్జాండర్, ఫ్రిగెరిడస్‌ల రాతలు ముందేసుకుని కూర్చున్నాడు. ఫ్రాంకు నాయకుల్ని ఒకచోట రాజులన్నారు, ఇంకోచోట సేనానులన్నారు. పన్నోనియా (నేటి హంగరీ ప్రాంతం) నుంచి వచ్చారట అన్న జనవాక్యాన్ని ఆ 'అట'తోనే వదిలేశాడు. ఆ ఇద్దరి పుస్తకాలూ ఇప్పుడు లేవు. గ్రెగరీ ఎత్తిరాసిన ముక్కలే మిగిలాయి.

ఆయన వదిలిన ఖాళీ నూరేళ్లు కూడా నిలవలేదు. 660 ప్రాంతంలో, ఫ్రెడెగర్ పేరుతో చలామణీ అయ్యే చరిత్రలోకి గ్రీకు పురాణాల ట్రాయ్ నగరం వచ్చేసింది. ఫ్రాంకుల తొలి రాజు ట్రాయ్ రాజు ప్రియాం! ఎవరు చెప్పారయ్యా అంటే క్రైస్తవ పండితుడు సెయింట్ జెరోమ్ రాశాడట, అంతకుముందే రోమన్ కవి వర్జిల్ చెప్పాడట. ఇద్దరూ ఫ్రాంకుల గురించి అలాంటి మాటే అనలేదు. నన్నడిగితే ట్రాయ్ కథ కంటే ఈ సాక్షి సంతకాలే ఆసక్తికరం. రోమన్లు తమను ట్రాయ్ వారసులుగా చెప్పుకున్నాక, వాళ్ల గడ్డనేలే ఫ్రాంకులకు ఆ చుట్టరికం కావాలనిపించడంలో వింతేముంది?

727 నాటి మరో చరిత్రలో కథకు ఇంకాస్త కండ పట్టింది. రోమన్ చక్రవర్తి వాలెంటీనియన్ కోసం అలన్లు అనే జాతిని ఓడించినందుకు ట్రోజన్లకు, అంటే ట్రాయ్ నుంచి వచ్చిన ఈ ఫ్రాంకుల పూర్వీకులకు, పదేళ్లు పన్ను మాఫీ. గడువు తీరాక వసూలుకు వచ్చినవాళ్లను నరికేసి, చివరికి రైన్ తీరానికి చేరారు. పన్ను కట్టని జాతి అనిపించుకోవడం ఆ రచయితకు ఎంత ఇష్టమో!

వీళ్లు నమ్మి రాశారేమో, అనుమానపు లాభం ఇవ్వొచ్చు. జర్మన్ మఠాధిపతి ట్రిథెమియస్‌కు ఆ వీలు లేదు. 1515లో మైన్జ్‌లో అచ్చయిన తన ఫ్రాంకుల చరిత్రకు ఆధారం హునిబాల్డ్ అన్నాడు. ఫ్రాంకుల రాజు క్లోవిస్ కాలం వాడట, 18 భాగాలు రాశాడట. ఆ హునిబాల్డ్‌కూ మళ్లీ వాస్థాల్డ్ అనే ఇంకో పాత సాక్షి! గ్రెగరీకి దొరకని రాజులంతా వరసగా, ఏలిన ఏళ్లతో సహా దొరికేశారు. అబద్ధానికి అంకెలు తొడిగితే ఎంత నిండుగా ఉంటుందో.

ట్రాయ్ వంశం తనదేనని మురిసే మాక్సిమిలియన్ చక్రవర్తి అసలు ప్రతి చూపించమన్నాడు. పాత మఠం స్పోన్‌హైమ్‌లో వదిలి వచ్చానన్నాడు ట్రిథెమియస్. అక్కడ దొరకలేదు. 1516లో ఆయన పోయాడు. ఆ 18 భాగాల్లో ఒక్క ఆకు కూడా నేటికీ బయటపడలేదు.