ఐ7 సరే, ఆ వేడి ఎటు పోతుందండీ?

ఇంజనీరింగ్ అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే చాలు, "మావాడికి ఏ లాప్‌టాప్ కొనమంటావ్?" అని బంధువుల ఫోన్లు మొదలు. ర్యామ్ ఎంత, ఇంటెల్ వాళ్ల ఐ7 ప్రాసెసర్ ఉందా లేదా, అంతే. వేడెక్కుతుందా అని అడిగినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు. షాపులో కుర్రాడేమో "ఐ7 సార్, ఇంక చూసుకోనక్కర్లేదు" అనేస్తాడు.

చూసుకోవాలి. ఐ7-1255యూ కూడా ఐ7నే, ఐ7-12700హెచ్ కూడా ఐ7నే. కానీ మొదటిదాని బేస్ పవర్, అంటే మామూలు స్పీడులో లాగే కరెంటు, 15 వాట్లు, రెండోదానిది 45. టర్బోలో, అంటే స్పీడు పెంచి పరిగెత్తేటప్పుడు, ఆ రెండోది 115 వాట్ల దాకా లాగుతుంది. లాగిన కరెంటంతా వేడిగా మారి బయటికి రావాల్సిందే. వేలెడు మందం కూడా లేని బాడీలో బుల్లి ఫ్యాన్లు పెట్టి అంత వేడినీ తోసేస్తామంటే అయ్యే పనేనా? చిప్ 100 డిగ్రీల దగ్గరికి రాగానే కాలిపోకుండా తనే స్పీడు తగ్గించేసుకుంటుంది. థ్రాట్లింగ్ అంటారే, అదే. మనం డబ్బు కట్టిన స్పీడు కాసేపటి ముచ్చటే. గ్రాఫిక్స్ కార్డుదీ ఇదే వరస. లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060 మోడల్‌ను బట్టి 35 వాట్ల నుంచి 115 దాకా ఉంటుంది. డబ్బా మీద మాత్రం పేరొక్కటే పెద్దక్షరాల్లో.

ఇంకో సంగతి. మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిలే రాసింది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని హాస్టల్ రూముకి ఈ మాట చెప్పి చూడండి! ఫ్యాన్ లోపలికి లాక్కునేది ఆ గది గాలినే. గది పది డిగ్రీలు ఎక్కువుంటే లోపలా ఇంచుమించు అంతే పెరుగుతుంది. షోరూములో ఏసీ కింద, డెమో వీడియో తిప్పుకుంటూ కూర్చున్న పీస్ చల్లగా కాక ఎలా ఉంటుంది?

అందుకే నేను షాపుకి వెళ్లగానే లాప్‌టాప్‌ని బోర్లా తిప్పుతాను. కింద జల్లెడలా కనిపించే చిల్లుల్లో కొన్ని మోడళ్లకి సగం ఉత్త డిజైనే, లోపల మూసేసి ఉంటాయి. వేడిగాలి ఎటు కొడుతుందో కూడా చూడండి. కుడిపక్కనుంచి వస్తే మౌస్ పట్టుకున్న చెయ్యి ఉడికిపోతుంది. కూలింగ్ ప్యాడ్ (లాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల స్టాండు) అంటారా, కింద గాలి లాగే దారి ఉంటేనే దానికి అర్థం. పరుపు మీద పెట్టి వాడేవాడికి ఏ ప్యాడూ పనిచేయదు.

గేమింగ్, వీడియో ఎడిటింగ్ లేని పిల్లలకి పల్చటి బాడీలో హెచ్ సిరీస్ (పేరు చివర హెచ్ ఉన్న చిప్) దండగ అని నా అభిప్రాయం. కోడింగ్‌కి యూ సిరీస్ ఐ5 హాయిగా సరిపోతుంది. గేమింగ్ కావాలంటే బరువైనా మందంగా ఉన్నదే తీసుకోండి. కొన్నాక రిటర్న్ గడువు ఉండగానే, మిట్టమధ్యాహ్నం ఏసీ ఆపేసి, ప్రాసెసర్‌కి పరీక్ష పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ని అరగంట ఆపకుండా నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచితే ఎన్ని డిగ్రీలో, ఎప్పుడు స్పీడు పడిపోయిందో కనిపిస్తుంది. రెండూ ఫ్రీయే.

రివ్యూలు చేసే తమ్ముళ్లూ, మీకో దండం. అన్‌బాక్సింగ్ సంబరం తగ్గించి, టెస్ట్ చేసినప్పుడు గదిలో టెంపరేచర్ ఎంతుందో ఒక్క ముక్క చెప్పండి చాలు.