పవర్ లేని స్టీరింగ్‌కి పవర్ ఆయిల్

పాత కారు కొన్నవాడు ముందు ఎఫ్‌ఎం పెట్టుకోవడం మానేస్తాడు. తర్వాత పక్కవాళ్ళ మాటలు ఆపిస్తాడు. మలుపు వస్తే చాలు, చెవులు రిక్కించి ఊపిరి బిగబడతాడు. మా ఇంట్లో ఈ జబ్బు నాకొక్కడికే అనుకున్నాను గానీ మా ఆవిడకీ అంటుకుంది. "ఇదిగో, టంగుమంది" అని నాకంటే ముందే చెప్పేస్తోంది.

మాది 2004 మోడల్ మారుతీ 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన వంశం అది. పదిహేనేళ్ళు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించాం. ఇంజనుకి ఏ రోగమూ లేదు. స్టీరింగ్ తిప్పడానికి మాత్రం కాస్త భుజబలం కావాలి, ఎందుకంటే దీనికి పవర్ స్టీరింగ్ లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

శబ్దం ఎప్పుడంటే అప్పుడు రాదు. గేటులోంచి వెనక్కి తీసి, బండి ఆపి, ఉన్నచోటే స్టీరింగ్‌ని కుడివైపు ఫుల్లుగా కోసినప్పుడే వస్తుంది. సగం తిప్పేదాకా మామూలే. ఆపైన ఎక్కడో ఏదో బిగుసుకుంటున్నట్టు ఉంటుంది. మరికాస్త తిప్పితే కుడి చక్రం దగ్గర "టంగ్". ఎదురింటి కుక్క లేచి నిలబడుతుంది.

మా బావమరిది రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టమన్నాడు. పెట్టాను. అందులో వాచ్‌మన్ దగ్గు, పై వాటాలో కుక్కరు విజిలు, "ఇంకా తిప్పండి, ఇంకా, ఇంకా" అంటున్న మా ఆవిడ గొంతు స్పష్టంగా ఉన్నాయి. టంగు మాత్రం కుక్కరులో కలిసిపోయింది. అయినా తీర్పు వచ్చేసింది. "ర్యాక్ పోయింది బావా, అమ్మేసెయ్." ర్యాకంటే స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి చేర్చే పళ్ళ కడ్డీ. వాడు ఈమధ్యే పెద్ద కారు కొన్నాడు. అప్పట్నించీ ఏ శబ్దం వినిపించినా వాడి వైద్యం అదే.

మా నాన్నగారు అంబాసిడర్ నడిపిన మనిషి. "గ్రీజు కొట్టించరా" అన్నారు. అంబాసిడర్‌కి కింద గ్రీజు నిపుల్స్ ఉండేవి, గన్నుతో కొట్టిస్తే సగం మూలుగులు అక్కడే ఆగేవి. దీని జాయింట్లకి కంపెనీలోనే గ్రీజు నింపి మూసేశారు, నిపుల్ అన్నదే లేదు. నాన్నగారు టార్చి వేసుకుని వంగి చూసి, లేదని తెలిశాక ఆ బండి గురించి మాట్లాడటం మానేశారు.

అలైన్‌మెంట్ షాపు కుర్రాడు శబ్దం వినకుండానే "అలైన్‌మెంట్ అవుట్ సార్" అన్నాడు. బండి పక్కకి లాగుతుంటేనో, టైరు ఒక అంచున తినేస్తుంటేనో చేయించాల్సిన పని అది. టంగుకీ దానికీ సంబంధం లేదన్నాను. స్క్రీను మీద ఎర్ర అంకెలు చూపించాడు. ఎరుపు చూస్తే ఎవరికైనా టెన్షనే కదా, చేయించాను. అంకెలు పచ్చబడ్డాయి, ప్రింటవుట్ చేతిలో పెట్టాడు. బయటికొస్తూ షాపు ముందు స్టీరింగ్ కోశాను. టంగ్.

ఆ తర్వాత మెయిన్ రోడ్డు మీది షెడ్డు. అక్కడి నిపుణుడు కుర్చీలోంచి లేవలేదు. నన్ను ఒకసారి తిప్పమని, కళ్ళు మూసుకుని విని, "పవర్ స్టీరింగ్ ఆయిల్ తక్కువైంది సార్, పంపు అరుస్తోంది. ఫ్లష్ చేసి కొత్తది పోద్దాం" అన్నాడు. నేను బానెట్ ఎత్తి, ఎక్కడ పోస్తారో చూపించమన్నాను. అప్పుడు లేచాడు. వేలు బ్యాటరీ మీదా, బ్రేక్ ఆయిల్ డబ్బా మీదా కాసేపు తిరిగి, చివరికి వైపర్ నీళ్ళ డబ్బా దగ్గర ఆగింది. "మోడల్‌ని బట్టి మారుద్ది సార్" అన్నాడు.

ఇక ఏసీ గది, కాఫీ మిషను ఉన్న పెద్ద వర్క్‌షాపు. బండిని లిఫ్టు మీద పైకెత్తి, చక్రాలు అటూ ఇటూ తిప్పి చూశారు. శబ్దం లేదు. లేదని సంతోషించారా అంటే అదీ లేదు. "సౌండ్ రావట్లేదు సార్, కానీ రిస్క్ ఎందుకు?" అంటూ స్టీరింగ్ ర్యాక్, టై రాడ్ ఎండ్‌లు, లోయర్ ఆర్మ్‌లు అన్నీ కలిపి పెళ్ళి సామాన్ల చీటీ అంత పొడుగు ఎస్టిమేట్ ఇచ్చారు. బండి అమ్మితే వచ్చే డబ్బులో సగం అందులోనే ఉంది. కాఫీ మాత్రం బాగుంది.

నాకు అప్పుడు తట్టింది. మా వీధి చివర డ్రైవింగ్ స్కూలు వాళ్ళకీ 800లే ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు పొద్దున్నించి రాత్రిదాకా వాటి స్టీరింగుల్ని కోసి పడేస్తుంటారు. రిపేరు డబ్బులు ఓనరు జేబులోంచే పోతాయి. కాబట్టి ఆయన వెళ్ళే మెకానిక్ దగ్గరికే మనమూ వెళ్ళాలి. అడ్రసు అడిగితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక సందు చెప్పాడు. లారీ బాడీలు కట్టేవాళ్ళనీ, కమాను కట్టలు సాగగొట్టేవాళ్ళనీ దాటుకుంటూ, ఆ సుత్తి దెబ్బల మధ్య నా టంగు ఎవరికి వినిపిస్తుందా అనుకుంటూ చేరాం.

మేస్త్రీ బండి ముట్టుకోకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు. "నడుస్తుంటే వచ్చిద్దా, ఆగినప్పుడా? మలుపులో టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు, దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయుంటది. గుంతలో లొడలొడమంటే బాల్ జాయింటో, బుష్షో. మీదేది?" ఆగి కోసినప్పుడు టంగ్ అన్నాను. హెల్పరు కుర్రాడు జాకీ తెస్తుంటే కసిరాడు. "లేపితే బరువు పోద్దిరా. బరువు లేకపోతే సౌండెక్కడ వచ్చిద్ది?"

లిఫ్టు మీద మా బండి ఎందుకు నోరు మెదపలేదో అప్పుడర్థమైంది.

మేస్త్రీ చక్రం వెనకనుంచి చెయ్యి పోనిచ్చి, స్ప్రింగు మీద బయటివైపు అరచెయ్యి ఆన్చాడు. నా చెయ్యీ పక్కనే పెట్టించాడు. "అమ్మా, మెల్లగా కొయ్యండి." మా ఆవిడ కోసింది. అరచేతి కింద స్ప్రింగు కొంచెం కొంచెంగా మెలితిరిగింది, బిగుసుకుంది, ఒక్కసారిగా జారి టంగుమంది. ఆ అదురు మోచేతి దాకా పాకింది. "పైన స్ట్రట్ మౌంటింగు బేరింగు పట్టేసింది సార్. స్ట్రట్టంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన కాలు, దాని పైకొసని తిరగనిచ్చేది ఈ బేరింగే. చక్రంతో పాటు స్ట్రట్టు తిరుగుతోంది, స్ప్రింగు పైకొస కదలట్లేదు. ర్యాక్ బాగానే ఉంది, దాని జోలికి పోమాకండి."

సామాను చీటీ రాసిచ్చి, "మీరే కొని తెచ్చుకోండి, బిల్లు మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. ఎడమదానికీ అదే వయసు కాబట్టి రెండువైపులా మార్పించాం. పాత బేరింగు నా చేతిలో పెట్టాడు. తిప్పబోతే తిరగదు, దులిపితే తుప్పు పొడి రాలింది. ఖర్చు ఆ పెద్ద ఎస్టిమేట్‌లో ఒక మూలకి కూడా రాలేదు. ఆటోనగర్ సందులోనే స్టీరింగ్ అటూ ఇటూ కోసి చూశాను. కిక్కురుమనలేదు.

బయల్దేరుతుంటే మేస్త్రీ వెనకనుంచి కేకేశాడు. "స్ట్రట్టులు ఊడదీశాం సార్, అలైన్‌మెంట్ ఒకసారి చూపించుకోండి."

మా వీధికి దగ్గర్లో ఉన్న అలైన్‌మెంట్ షాపు ఒకటే. కుర్రాడు నన్ను గుర్తుపట్టి, బండి ఎక్కించి, స్క్రీను నావైపు తిప్పాడు. అంకెలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"నే ముందే చెప్పా కదా సార్."