కర్నూలు బీచ్‌కు దారి ఎటు?

సముద్రతీర మహానగరం అనగానే అందరూ విశాఖ పేరే చెబుతారు. ఇది కర్నూలుకు జరుగుతున్న ఘోరమైన అన్యాయం. గాజువాకలో మా బావమరిది ఇంట్లో వారం రోజులు తిష్ట వేసి, ఊరంతా పరిశీలించి వచ్చాను కాబట్టి అధికారికంగానే ఈ మాట అంటున్నాను.

ముందు జలాంతర్గామి సంగతి. 91 మీటర్ల కురుసుర 31 ఏళ్లు నేవీలో కొలువు చేసి రిటైరైతే, తెచ్చి ఆర్కే బీచ్ ఇసుకలో కూర్చోబెట్టారు. 2002 నుంచి జనం టికెట్ కొని చూస్తున్నారు. నేనూ కొన్నాను. బయటికొచ్చాక బుర్రలో వెలిగింది: జలాంతర్గామికి జలం అక్కర్లేదు! నేల ఉంటే చాలు. నేలకు మాకేం కరువు? కొండారెడ్డి బురుజు పక్కన ఒకటి పెట్టండి, టికెట్ కౌంటర్ మేం కట్టుకుంటాం.

ఇక జనం. విశాఖ అంటే ఒక ఊరు కాదు. జాలరిపేట తెల్లారకముందే లేస్తుంది. గాజువాక ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టుల లెక్కన పడుకుంటుంది. మల్కాపురం వైపు రిఫైనరీ, షిప్‌యార్డు. భీమిలిలో డచ్చివాళ్లు సమాధుల్లో హాయిగా ఉన్నారు, వాళ్లకు ట్రాఫిక్ బాధ లేదు. బతికున్న వాళ్లందరినీ కలిపేది ఒక్కటే: ఎంత ఉక్కపోసినా "బీచ్ గాలి ఉంది కదా" అంటారు. ఆ గాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. మా ఎండ అలా కాదు, చొక్కాను ఒంటి మీదే ఆరేసి ఇస్త్రీ కూడా చేస్తుంది.

ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న మా బావమరిదికి భాష కూడా మారింది.

"ఏటి బావా, అలాగున్నావు?"

"ఉగ్గాని యాడ దొరుకుతాదో చూస్తాండానప్పా."

రేవు విషయానికొస్తే, విశాఖది 1933లో మొదలైంది. మాది ఎంతో పాతది. ఆలంపురం గుడులకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడే ఇరుసులకు కందెన పూసుకునేవట. అలా ఊరి పేరు కందెనవోలు అయింది, అదే పోనుపోను కర్నూలైంది. సరుకు రవాణా, సర్వీసింగు. రేవుకు ఇంకేం కావాలి? 1860ల్లో కేసీ (కర్నూలు-కడప) కాలువ తవ్వింది కూడా పంటలకే కాదు, పడవలకు కూడా.

1953 అక్టోబరు 1న మేం ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాం. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఊరవతల గుడారాలు వేసి ఇప్పుడు బీచ్ రిసార్ట్ అని డబ్బులు గుంజుతున్నారు, మేం మూడేళ్లు ఉచితంగా నడిపాం. 2020లో విశాఖకు సచివాలయం, మాకు హైకోర్టు అని చట్టం చేశారు, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. ఆ రకంగా రెండు ఊళ్లూ సమానమే.

మే నెలలో బావమరిది వచ్చాడు. మా బీచ్ చూపిద్దామని తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోయాను. ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

"నీళ్లేవి బావా?"

"సెలవులో ఉన్నాయప్పా. 2009 అక్టోబరు వరదల్లో ఓవర్‌టైమ్ చేసినాయి గదా."