జవాబు తెలిసీ చెప్పరట!

విజయవాడ నగర శ్రేయస్సు కోరి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మన ఊరి పునాదికే ఎసరు పెట్టే చదువొకటి బయట నడుస్తోంది. పేరు ఆక్యుపేషనల్ థెరపీ. మొన్న దసరాకి అది మా ఇంట్లోకి కూడా వచ్చింది, అదీ సొంత మేనకోడలి రూపంలో, సూట్‌కేసుతో సహా.

మన ఊరి పునాది ఏమిటో బయటివాళ్లకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. కృష్ణమ్మ కాదు, బ్యారేజీ కాదు, చివరికి పునుగులు కూడా కాదు. జవాబు. బెంజి సర్కిల్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా హోర్డింగుల మీద కనిపించేవి జవాబులు కరెక్టుగా పెట్టిన పిల్లల మొహాలే. ప్రశ్నలు ఢిల్లీలో తయారవుతాయి, జవాబులు ఇక్కడ. పరీక్ష రాసిన పిల్లాడు బయటికొచ్చి మంచినీళ్లు తాగేలోపు కీ చేతికొచ్చేస్తుంది. అలాంటి ఊళ్లో, జవాబు తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చోవడం ఎలాగో నాలుగున్నరేళ్లపాటు నేర్పే డిగ్రీ ఒకటుందంటే మనం ఏమైపోవాలి?

సంగతంతా మా తమ్ముడి కొడుకు లంచ్ బాక్సు దగ్గర మొదలైంది.

వాణ్ణి ఇక్కడ వంశీ అందాం. నాలుగో తరగతి. తెలివికి లోటు లేదు. ఎక్కాలు వెనకనుంచి కూడా అప్పజెబుతాడు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే ఏడు నిమిషాలు, అదీ ఒక కన్నం తప్పి, ఒక వైపు కాలరు చెవి దాకా పోయి. బూట్ల లేసు కట్టడం వాడి దృష్టిలో ఇస్రో వాళ్లు చేయాల్సిన పని. నీళ్లు తెమ్మంటే సగం గ్లాసులో వస్తాయి, సగం గచ్చు మీద వస్తాయి. సైకిల్ జోలికి పోడు. చేతిరాత గురించి వాళ్ల టీచర్ డైరీలో రాసిన వాక్యాన్ని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి చదవలేదు.

స్కూలుకి పట్టుకెళ్లిన డబ్బా వారంలో రెండు రోజులు పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తుంది. మిగతా రోజుల్లో ఖాళీ. అందులోనూ దొండకాయ వేపుడు పెట్టిన గిన్నె అయితే కడిగినట్టు తళతళలాడుతూ వస్తుంది. "మా వాడికి దొండకాయంటే ప్రాణం బావగారూ" అని మా మరదలు రెండేళ్లుగా ముచ్చటపడుతోంది.

నాకివేవీ కొత్తగా అనిపించలేదు. నేనూ ఆ బాపతే. పదకొండేళ్లొచ్చేదాకా నా నిక్కరు గుండీ మా అమ్మే పెట్టేది. ఆ రోజుల్లో రోగ నిర్ధారణ చాలా సులువు, దారిన పోయేవాడు కూడా ఫీజు లేకుండా చేసేవాడు: మొద్దు, చేతకానివాడు, ఒళ్లు దగ్గర పెట్టుకోడు. ఇంగ్లండులో 1962లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ 'క్లమ్జీ చిల్డ్రన్' అని ఏకంగా సంపాదకీయం రాసిందట. ఆ ముక్క తెలియకుండానే మా నాన్నగారు 1978లో అదే అంశం మీద స్వతంత్రంగా రాశారు, నా వీపు మీద.

చికిత్సలోనూ మనమేం వెనకబడి లేము. మొట్టికాయ, తొడపాశం, గోడకుర్చీ అని మూడంచెల పద్ధతి ఉండేది. గోడకుర్చీ మీద నాకు సుదీర్ఘమైన అనుభవం ఉంది కాబట్టి దాని ఫలితాలు ఇక్కడ ప్రకటిస్తున్నాను: తొడలు గట్టిపడ్డాయి, గుండీలు పడలేదు. యూరప్‌లో బాలల వైకల్యాల మీద పనిచేసే అకాడమీ వాళ్లు 2019లో ఈ సమస్యకి మార్గదర్శకాలు వేశారు. అందులో చెప్పిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, పిల్లాడికి ఏ పని రావట్లేదో ఆ పనినే నేర్పండి, కండరాలు బలపడితే పని దానంతటదే వస్తుందని కూర్చోకండి అని. నన్నడిగితే 1978లోనే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

ఇక మేనకోడలు. చెన్నైలో మూడో ఏడు చదువుతోంది. ఇల్లు చేరి కాళ్లు కడుక్కోగానే మా అమ్మ విచారణ మొదలెట్టింది.

"ఏం చదువే అది? ఫిజియోథెరపీయేగా?"

"కాదమ్మమ్మా."

"మరి పేరులో ఉద్యోగం అని ఉందిగా, ఉద్యోగాలిప్పిస్తారా?"

పిల్లకి ఓపిక ఎక్కువ. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమే కాదు, మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి చేసుకునే ప్రతి పనీ అంది. తినడం, కట్టుకోవడం, రాయడం, ఆడుకోవడం. పిల్లాడి ఆక్యుపేషన్ ఆట. ఈ చదువు మన దేశానికి తెచ్చింది కమలా నింబ్కర్ అని, అమెరికాలో పుట్టి ఇక్కడి కోడలైన ఆవిడ, 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదటి బడి పెట్టిందని కూడా చెప్పింది. బొంబాయి నుంచి సత్యనారాయణపురంలోని మా వీధికి రావడానికి ఆ కబురుకి డెబ్బై అయిదేళ్లు పట్టింది. మధ్యలో కాజీపేట దగ్గర ఆగిపోయి ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం అసలు సంఘటన. మేనకోడలు వంశీ ముందు వాడి డబ్బానే పెట్టి, "తియ్యరా" అని, ఎదురుగా చాప మీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. ఊరికే చూడటం. చేతిలో చిన్న పుస్తకం.

డబ్బా చరిత్ర కొంచెం చెప్పాలి. ఒకటో తరగతిలో పప్పుచారు కారి తెలుగు వాచకం మొత్తం పసుపుపచ్చగా అయింది. దాంతో మా తమ్ముడు వన్‌టౌన్‌కి వెళ్లి, ఆటో తిరగబడ్డా చుక్క బయటికి రాని డబ్బా తెచ్చాడు. నాలుగు వైపులా నాలుగు క్లిప్పులు, లోపల రబ్బరు. దాన్ని తీయడం మా ఇంట్లో పెద్దవాళ్లకే చిన్నపాటి వ్యాయామం.

వంశీ డబ్బాని పొట్టకి ఆనించుకుని ఎడమ చెయ్యి చుట్టూ వేశాడు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. కుడిచేతి వేళ్ల కొసలతో క్లిప్పు లాగాడు. డబ్బా జారింది. పైకి లాక్కున్నాడు. మళ్లీ లాగాడు. ఈసారి ఎడమ చెయ్యి కూడా లాగడానికి సాయం పోయింది, పట్టుకునేవాళ్లు ఎవరూ లేక డబ్బా ఒళ్లో పడింది. నాలుక బయటికొచ్చింది. భుజాలు చెవుల దాకా లేచాయి. మా అమ్మ మంచం మీద నుంచి "అలా కాదురా!" అంది. మా తమ్ముడు "బొటనవేలు, బొటనవేలు!" అన్నాడు. మరదలు లేచి నాలుగడుగులు వేసేసింది. మేనకోడలు చెయ్యెత్తి అందర్నీ ఆపింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపితే ఆగని కుటుంబం మాది, ఎందుకో ఆగాం.

ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలపాటు ఒక తెలుగు కుటుంబం జవాబు తెలిసి మౌనంగా కూర్చుంది.

"చూస్తూ కూర్చోడానికి నాలుగున్నరేళ్లా?" అని మా అమ్మ తర్వాత నిలదీసింది. క్లాసులు కాక ఆసుపత్రుల్లో, క్లినిక్కుల్లో, బడుల్లో కనీసం వెయ్యి గంటలు పనిచేస్తేనే ఆ చదువు లెక్కలోకి వస్తుందట. ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్య పెట్టిన నియమం. వెయ్యి గంటలు! మన దగ్గర ఒక సబ్జెక్టు మొత్తం నలభై అయిదు రోజుల క్రాష్ కోర్సులో పూర్తి చేసి రెండుసార్లు రివిజన్ కూడా చేస్తారు.

రోగం పేరేమిటో చెప్పమని మా తమ్ముడు పట్టుబట్టాడు. పిల్ల పేరు పెట్టనంది. తను ఇంకా విద్యార్థినేనని, చూపు, నరాలు అన్నీ డాక్టరు చూసి, వేరే కారణం లేదని తేలి, లెక్క ప్రకారం పరీక్షలు చేశాకే పేరు పెట్టాలని. మరీ బతిమాలితే, ఇలాంటి పిల్లలకి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అనే మాట ఒకటుందని మాత్రం ఒప్పుకుంది. 1987లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కిన మాట. మెదడు చెబుతుంది, చెయ్యి వింటుంది, కానీ మధ్యలో పని ఎలా నడిపించాలన్న లెక్క కుదరదు. తెలివితో సంబంధం లేదు, బద్ధకంతో అసలే లేదు. 1994లో ఆ పేరే వాడదామని నిపుణులు లండన్‌లో కూర్చుని తీర్మానించారు. కెనడాలో కూడా ఒక లండన్ ఉంది, ఆ లండన్. మా తమ్ముడు అసలు లండన్ అయ్యుంటే బాగుండేదన్నాడు.

బడి వయసు పిల్లల్లో నూటికి అయిదారుగురు ఇలా ఉంటారట. అంటే నలభై మంది సెక్షన్‌లో ఇద్దరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా, ఈ ఇబ్బందికే వాడే ఇంకో పేరుతో, డిస్‌ప్రాక్సియా అని రాసే ఉంది. పార్లమెంటు దాకా వెళ్లిన మాట వంశీ స్కూల్ డైరీ దాకా రాలేదు. అందులో 'కేర్‌లెస్' అని ఎర్ర సిరాతో ఉంది.

సరే, నేర్పు అన్నాం. ఏం నేర్పాలన్న దగ్గర ఇంకో ఉపద్రవం. ఇంటిల్లిపాదీ సమావేశమై, మూడు నిమిషాల్లో, ఏకగ్రీవంగా, చేతిరాత అని తీర్మానించాం. పైగా మూలా నక్షత్రం నాడు తెల్లవారుజామునుంచి క్యూలో నిలబడి, సరస్వతీ అలంకారంలో ఉన్న అమ్మవారికి వంశీ పెన్ను చూపించి మరీ వచ్చాం. అమ్మవారికి ఇచ్చిన అర్జీలో చేతిరాత అనే ఉంది. ఇప్పుడు మార్చడానికి లేదు.

మేనకోడలు మా అర్జీని పక్కన పెట్టి, "నీకేం రావాలిరా?" అని వంశీని అడిగింది.

వాడు చాలాసేపు ఆలోచించాడు. బహుశా వాణ్ణి ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. "డబ్బా తీయడం" అన్నాడు.

ఇదేం అన్యాయమండీ? ఐఐటీకి డబ్బా తీయడం వెయిటేజీ ఎంత? కెనడాలో హెలెన్ పొలటైకో, ఏంజెలా మాండిచ్ అని ఇద్దరు ఆక్యుపేషనల్ థెరపిస్టులు తయారు చేసిన పద్ధతట ఇది. లక్ష్యం పిల్లాడే పెట్టుకుంటాడు. ఆ తర్వాత నాలుగు మెట్లు: ఏం కావాలి, ఎలా చేద్దాం, చెయ్యి, అయిందా లేదా చూసుకో. ప్రతి మెట్టు మీదా పెద్దవాళ్లు చేయాల్సింది ప్రశ్న వేయడం ఒక్కటే. జవాబు పిల్లాడే కనుక్కోవాలి. థెరపిస్టుకి మొదటి క్షణంలోనే తెలుసు. తెలిసీ చెప్పదు! ఈ ఒక్క వాక్యం మీదే నా అభ్యంతరం అంతా.

"డబ్బా ఎటు పోతోందిరా?"

"నా మీదకి."

"ఎందుకు?"

చాలాసేపు. "నేనే లాగుతున్నాగా."

"మరి ఎక్కడ పెడితే కదలదు?"

వంశీ డబ్బాని గోడకి ఆనించాడు. కదిలింది. బీరువాకీ గోడకీ మధ్య మూలలో పెట్టాడు. కదల్లేదు. ఎడమ అరచెయ్యి మూత మీద అదిమి, కుడి బొటనవేలు క్లిప్పు కిందకి దూర్చి పైకి ఎత్తాడు. టప్ మంది. వాడు అదిరిపడ్డాడు. తర్వాత రెండోది, ఆలస్యంగా. మూడో క్లిప్పుకి డబ్బా తిప్పుకోవాలని తట్టడానికి ఇంకో రోజు పట్టింది. ఆ రోజంతా మా తమ్ముడు "తిప్పరా" అన్న రెండక్షరాల్ని... సరే, మూడక్షరాల్ని మింగలేక కక్కలేక మేడ మీదకి వెళ్లి తిరిగాడు.

స్కూల్లో బీరువా ఉండదు కదా అని నేను గడుసుగా పాయింటు లాగాను. "నువ్వు చెప్పు, స్కూల్లో ఏం చేస్తావు?" అని ఆ పిల్ల మళ్లీ వాణ్ణే అడిగింది. బెంచీ మూల, పక్కన బ్యాగు అన్నాడు.

వంశీ అమ్మానాన్నల అనుమతితో ఆ తతంగమంతా వీడియో తీసి, మేనకోడలు తన కాలేజీ మేడంగారికి పంపింది. మెచ్చుకుంటారని రాత్రంతా ఫోను చూసుకుంది. పొద్దున్నే వచ్చిన మెసేజీ నాకూ చూపించింది, మొహం చిన్నబుచ్చుకుని. పిల్లాడి గురించి ఒక్క ముక్క లేదు. 'నువ్వు మూడుసార్లు జవాబు చెప్పేశావు' అని, ఏ నిమిషంలో ఎక్కడో కూడా ఉంది. ఒకసారి నోటితో, రెండుసార్లు కళ్లతో. క్లిప్పు వైపు చూసిందట. మన ఊళ్లో విద్యార్థి జవాబు చెప్పనందుకు తిట్లు తింటాడు, అక్కడ చెప్పినందుకు తింటోంది. ఇలాంటి శిక్షణ పొందినవాళ్లు నూరు మంది వచ్చి మన ఊళ్లో స్థిరపడితే, ఆ హోర్డింగుల మీద ఏం వేసుకుంటాం? 'మా పిల్లాడు ఆలోచిస్తున్నాడు' అనా?

సెలవులయ్యాయి. మేనకోడలు పినాకిని ఎక్కి వెళ్లిపోయింది. సోమవారం మా వీధంతా వంశీ డబ్బా కోసం ఎదురుచూసింది. ఖాళీగా వచ్చింది. మంగళవారం ఖాళీ. మా అమ్మ దిష్టి తీసింది. బుధవారం ఖాళీ.

గురువారం సాయంత్రం మరదలు నాకు ఫోను చేసింది, గొంతు వణుకుతోంది. అన్నం తిన్నాడు, పెరుగు తిన్నాడు, వేపుడు గిన్నె మాత్రం నిండుగా వచ్చింది. వైద్యం వికటించిందేమోనని అనుమానం. చెన్నైకి ఫోను చేయమంటోంది. నేను వాళ్లింటికి వెళ్లి, ఒక్క జవాబు కూడా చెప్పకుండా, పద్ధతి ప్రకారం ప్రశ్న మాత్రమే వేశాను.

"ఏరా, వేపుడెందుకు తినలేదు?"

"నాకు దొండకాయ ఇష్టం లేదు పెదనాన్నా."

"మరి రెండేళ్లుగా తింటున్నావుగా?"

"నేనెక్కడ తిన్నాను? మూత తీసినందుకు సాయి తీసుకునేవాడు. వాడు రానిరోజు మూతే లేవదు. ఇప్పుడు నేనే తీసుకుంటున్నాగా, వాడికెందుకిస్తాను?"