మియామీకి మూడు లాంతర్లు

మామూలుగా అమెరికా పోలీసుల వ్యవహారాల్లో విజయనగరం తలదూర్చదు. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌తోనే మనకి పొద్దుపోతుంది. కానీ కొన్ని అన్యాయాలు చూసి నోరు మూసుకు కూర్చుంటే రేపు మన పిల్లలు మనల్ని నిలదీస్తారు. ‘మియామీ వైస్’ అనే అమెరికా టీవీ సీరియల్‌ని 2006లో సినిమాగా తీసినప్పుడు జరిగింది అలాంటి అన్యాయం. ఇన్నేళ్ళూ ఓపిక పట్టాను. మొన్న ఆదివారం మా మేనల్లుడు లాప్‌టాప్‌లో ఆ సినిమా పెట్టాడు. ఓపిక అయిపోయింది.

ఆ సీరియల్ 1984లో మొదలై ఐదు సీజన్లు నడిచింది. సోనీ క్రాకెట్, రికార్డో టబ్స్ అని ఇద్దరు పోలీసులు దొంగపేర్లతో మత్తుమందు ముఠాల్లో దూరి వాళ్ళని పట్టిస్తుంటారు. కథ అంతే. అసలు సంగతి రంగులు. గులాబీ, లేత నీలం, నిమ్మపండు రంగు. మట్టి రంగులు తెరమీద కనపడడానికి వీల్లేదని దాని నిర్మాతల్లో పెద్దతలకాయ మైకేల్ మన్ పట్టుబట్టాడట. హీరో క్రాకెట్ టీషర్టు మీద కోటు వేస్తాడు, బూట్లలో సాక్సు వెయ్యడు. కాపురం పడవలో. ఆ పడవలో పెంపుడు మొసలి, దాని పేరు ఎల్విస్. జీతం రాళ్ళమీద బతికే పోలీసుకి ఫెరారీ ఎక్కడిదని మా నాన్న ఒక్కసారి అడిగాడు. “అది డిపార్ట్‌మెంటుది, బావా” అని మావయ్య కొట్టిపారేశాడు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

మావయ్య షిప్పులో పనిచేసేవాడు. 1987 ఎండాకాలం సెలవుల్లో సింగపూర్ నుంచి వీసీఆర్, ఒక సంచీడు క్యాసెట్లు తెచ్చాడు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. పోర్టబుల్. ప్రపంచంలోకెల్లా రంగుల సీరియల్ని మేం నలుపు తెలుపుల్లో చూశాం. అయినా ఏ లోటూ రాలేదు, ఎందుకంటే మావయ్య పక్కన కూర్చుని రంగులు చెప్పేవాడు. “ఇప్పుడు వేసుకున్న కోటు గులాబీ. వెనకాల గోడ సముద్రం రంగు. ఆవిడ చీర, అదే గౌను, చిలకపచ్చ.” మధ్యలో ఆయన సిగరెట్టు కాల్చుకోడానికి బయటికెళ్తే ఆ పది నిమిషాలూ మియామీ తెల్లబోయేది. ఆ ఏడాది బడి తెరిచాక నేను సాక్సు లేకుండా బూట్లేసుకుని వెళ్ళాను. పీటీ మాస్టారికి క్రాకెట్ ఎవరో తెలియదు. బెత్తం మాత్రం తెలుసు.

ఇప్పుడు సినిమా సంగతి. తీసింది ఎవరో కాదు, ఆ మైకేల్ మన్నే. పరాయివాడు పాడుచేస్తే తిట్టుకుని ఊరుకుందుం. కన్నతండ్రే పిల్లాడి రంగు చొక్కా విప్పేసి నల్లగొంగడి కప్పితే ఎవరికి చెప్పుకోవాలి? సినిమాలో ఎక్కువభాగం రాత్రి. ఆ రాత్రిని డిజిటల్ కెమెరాలతో తీశారు. తెరంతా ఇసుక రాలుతున్నట్టు ఉంటుంది. ఆ చీకట్లో క్రాకెట్ వేషం వేసిన కోలిన్ ఫారెల్, టబ్స్ వేషం వేసిన జేమీ ఫాక్స్ గొంతులోనే గొణుక్కుంటుంటారు. ఫారెల్‌కి ఒక మీసం పెట్టారు. మన సినిమాల్లో విలన్ పక్కన నిలబడి “అన్నా, వాడొచ్చాడన్నా” అని చెప్పే మనిషి మీసం అది.

అత్త వంటింట్లోంచి తొంగిచూసి, “ఏటి బాబూ, కరెంటు పోనాదేటి?” అంది. లాప్‌టాప్ వెలుతురు చివరికంటా పెంచాం. ఫారెల్ ముక్కు వరకూ కనపడింది.

“అది మూడ్, మావా, మూడ్” అన్నాడు మేనల్లుడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, అన్నీ తెలుసు. మూడ్ కాదురా, మన ఊరి మూడు లాంతర్ల జంక్షన్‌కి పేరు తెచ్చిన ఆ మూడు లాంతర్లూ ఎత్తుకొచ్చి ఇక్కడ వెలిగించినా వాడి కోటు రంగు తేలదు. 13 కోట్ల డాలర్లకి పైనే ఖర్చుపెట్టారు కదా, అందులో ఒక్క ట్యూబులైటుకి డబ్బు మిగల్లేదా?

మేనల్లుడి వాదన ఏమిటంటే, సీరియల్లోని హంగులన్నీ తీసేసి అసలు పోలీసుల పని ఎలా ఉంటుందో చూపించారట. రియలిజమ్ అట. సరే, అదే పద్ధతి మన ఊళ్ళో అమలుచేద్దాం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. తెల్ల ఏనుగు, పాలధార, బెస్తవారి వల, అంజలి రథం ముందు నడుస్తాయి. సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటే, అది అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఈ ఏడాది మాను వద్దు, ఏనుగు వద్దు, పూజారిగారిని అద్దాలు మూసిన కారులో కూర్చోబెట్టి అర్ధరాత్రి వీధిదీపాలు ఆర్పి తిప్పుతాం, భక్తి ముఖ్యం గానీ హంగులెందుకు అని ఎవరైనా అనమనండి. అక్కడిదాకా ఎందుకు, మాట పూర్తికాకుండానే జనం తరుముతారు. సినిమావాళ్ళు మొసలిని కూడా తీసేశారు. దాని కాల్షీటు కూడా దొరకలేదేమో.

సంగీతం గురించి మాట్లాడ్డానికి మాత్రం మా ఊరికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల మాది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల చదువుకున్న చోటు. ఆ అధికారంతో చెబుతున్నాను: యాన్ హ్యామర్ కట్టిన ఆ సీరియల్ టైటిల్ మ్యూజిక్, మాటల్లేని ఉత్త వాయిద్యం, 1985లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికెక్కింది. సినిమాలో దాన్ని తీసి పారేశారు. థియేటర్లో విడుదల చేసినప్పుడు మొదట్లో పేర్లు కూడా వెయ్యలేదు, నేరుగా నైట్‌క్లబ్బులోకి తోసేశారు. మొదటి ఎపిసోడ్‌లో రాత్రి కారు వెళ్తుంటే వచ్చిన ఫిల్ కాలిన్స్ పాటనేమో వేరే బ్యాండుచేత అరిపించి, జనం చెప్పులు వెతుక్కునే వేళకి పెట్టారు.

మోజితో ఘట్టం దగ్గర నేను లేచి నిలబడ్డాను. హీరో ఒక ముఠా లెక్కలు చూసే ఆవిణ్ణి (గాంగ్ లీ అనే నటి) మోజితోకి తీసుకెళ్తాడు. మోజితో అంటే మరేం లేదు, నిమ్మరసం, పుదీనా, పంచదార, సోడా, అందులో కాస్త రమ్ము. దానికోసం మియామీ నుంచి స్పీడుబోటు మీద క్యూబాలోని హవానాకి పోతారు. 360 కిలోమీటర్లు! అంటే నిమ్మసోడా తాగడానికి ఇక్కణ్ణించి ఏలూరు వెళ్ళడం. మాకు వీధి చివర బండిమీద గోలీసోడా ఉంది, నిమ్మకాయ వాడే పిండుతాడు, పుదీనా అడిగితే విసుక్కుంటూ అయినా వేస్తాడు. నిజాయితీగా చెప్పాలంటే, ఆ పడవ వెళ్తున్నప్పుడు సముద్రం బాగుంది. సినిమా మొత్తంలో నాకు వెలుతురు కనపడింది అక్కడే. ఇంకోచోట మేడమీద నిలబడి మాట్లాడుకుంటుంటే వెనకాల ఆకాశంలో మెరుపులు మెరుస్తాయి, అది కూడా బాగుంది. ఈమధ్య కొందరు ఇది గొప్ప సినిమా అని మళ్ళీ తవ్వి తీస్తున్నారు. తియ్యనివ్వండి. టార్చిలైటు వాళ్ళే తెచ్చుకోవాలి.

ఇంతసేపూ మావయ్య మాతోనే ఉన్నాడు. మంచంమీద పడుకుని వింటున్నాడు. కంట్లో శుక్లానికి ఆపరేషన్ అయి వారం. నల్ల కళ్ళజోడు, రెండు గంటలకోసారి చుక్కలు. డాక్టరు టీవీ చూడొద్దన్నాడు. సినిమా అయిపోవస్తుంటే మెల్లగా అడిగాడు.

“ఏరా, వాడిప్పుడేసుకున్న కోటు ఏ రంగు?”

తెరవైపు చూశాను. నలుపు కావచ్చు, బూడిద కావచ్చు, కోటే కాకపోవచ్చు.

“గులాబీ, మావయ్యా.”

“గోడ?”

“సముద్రం రంగు.”

“అదీ” అని కళ్ళజోడు సర్దుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.