షామియానా గారికి ఒక విన్నపం

జయపురం,
కోరాపుట్ జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ ప్రజాభిప్రాయ సేకరణ షామియానా గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మళ్లీ మా కొండల వైపు దయచేస్తున్నారని టెంట్ హౌస్ వాళ్లు చెప్పారు. ఎవరో కరెంటు కంపెనీవారు గిరిజనులతో సత్సంబంధాలు పెంచుకుంటున్నారట. సంతోషం.

పాతకాలంలో ఈ మర్యాదలు లేవు. మాచ్‌ఖండ్‌లో 1955లో నీళ్లతో కరెంటు పుట్టింది. ఆ కరెంటుని ఆంధ్రా, ఒడిశా పంచుకున్నాయి. దాని కోసం కట్టిన జలాపుట్ డ్యామ్ నీళ్లలో మునిగిన ఊళ్ల కష్టాన్ని మాత్రం ఎవరూ పంచుకోలేదు. బలిమెల రిజర్వాయరు నిండాక అవతల చిక్కుకున్న పల్లెలు ఏళ్ల తరబడి లాంచీల మీద బతికాయి. గురుప్రియ వంతెన తెరుచుకునేసరికి 2018 వచ్చింది. అప్పట్లో అడక్కుండా తీసుకునేవారు. ఇప్పుడు మిమ్మల్ని కట్టి, అడిగి మరీ తీసుకుంటున్నారు.

క్రితంసారి మీ వైభవం కళ్లారా చూశాను. ముందు అధికారులకు తెల్లగుడ్డ కప్పిన సోఫాలు, ఆ వెనక పెద్దమనుషులకు ప్లాస్టిక్ కుర్చీలు, ఇంకా వెనక కటిక నేల. పోయే భూమి ఎవరిదో వాళ్లంతా ఆ నేల మీదే కూర్చున్నారు. మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడు తెర మీద బొమ్మలు చూపించాడు. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడతారు, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదులుతారు. ప్రాజెక్టు సారాంశం ఒడియాలో, ఇంగ్లీషులో చక్కగా అచ్చేశారు. వినేవాళ్లు గదబలు, పరజాలు అనే గిరిజనులు. ఒక ముసలావిడ లేచి ఈ కొండల్లో అందరూ మాట్లాడుకునే దేసియా భాషలో, "పైన చెరువు కడితే మా ఊట ఏమవుతుంది?" అంది. కుర్రాడు నవ్వుతూ నోట్ చేసుకుని, కంపెనీ పేరున్న గొడుగొకటి ఆవిడ చేతిలో పెట్టాడు. ఊటకి పట్టమనేమో! తర్వాత మినిట్స్, అంటే సభలో జరిగింది రాసిన కాగితం, చూస్తే, "ఒక మహిళ ప్రాజెక్టును స్వాగతిస్తూ నీటి వసతి కోరారు" అని ఉంది.

మా తెలుగు కోమట్ల తక్కెళ్లు కూడా సత్యహరిశ్చంద్రుడివేమీ కావు లెండి. కానీ గురువారం ఒనకఢిల్లీ సంతకి వచ్చేవాళ్లలో ఎవరు ఎవరి కోడలో, ఎవరికి ఎంత బాకీ ఉందో ఆ కోమట్లు చీటీ చూడకుండా చెప్తారు. వచ్చే వారం మళ్లీ ఆ మొహమే చూడాలి మరి. మీ కుర్రాడికి ఆ బెడద లేదు. సంతకాలు పూర్తయ్యేసరికి ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది. లాభాల్లో 2 శాతం ఊళ్ల కోసం ఖర్చు పెట్టమని చట్టం నెత్తిన కూర్చుంటే, ఆ డబ్బుతో స్కూలు బ్యాగులు కొని వాటి మీద 'ప్రేమతో' అని అచ్చేయించారు.

కంపెనీలకి మీరంటే ఎందుకంత ప్రాణమో నాకు తెలుసు. పర్యావరణ అనుమతుల మీద 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మీ కింద ఇంతమంది ఉండాలన్న కోరం లేదు. మీరు నిర్ణయం చేయనక్కర్లేదు, మాటలు రాసుకుంటే చాలు. గ్రామసభ అలా కాదు, పేచీకోరుది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. 2013లో సుప్రీంకోర్టు అడగమంటే మా ఒడిశాలోనే నియమగిరి కొండల్లో 12 పల్లెల్లో గ్రామసభలు పెట్టారు. బాక్సైట్ గనికి ఒక్క పల్లె అయినా సరేననలేదు. అలాంటి దానితో సంబంధం కలుపుకోవాలంటే ఎవరికైనా టెన్షనే.

కాబట్టి మనవి. ఈసారి సారాంశాన్ని మైకులో దేసియాలో చదివించండి. మినిట్స్ కూడా అక్కడికక్కడే చదివి వినిపించాకే వేలిముద్రలు వేయించండి. ప్రాజెక్టు కట్టిన ఏడాదికి, అదే ఊళ్లో, ఇంకొక్కసారి వెలవండి. ఆ రోజు అద్దె మేం చందాలు వేసుకుని కడతాం. సోఫాలు అక్కర్లేదు.

ఇట్లు,
వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డ జయపురం తెలుగువాడు